సరిసంఖ్యలు లేని తోట

రాజ్యాలు సంధుల మీద నిలుస్తాయని నీతిశాస్త్రాలు చెబుతాయి. కార్యాలయాలు సంఘాల మీద నిలుస్తాయన్న సత్యాన్ని మాత్రం మా రాఘవాపురం ఫల పరిశోధన కేంద్రం స్వానుభవంతో కనుగొన్నది. ప్రహరీ గేటుకు ఏ రంగు వెయ్యాలో తేల్చడానికి మాకొక సంఘం ఉండేది. ఆ సంఘం పదకొండేళ్లపాటు ఎందుకు సమావేశం కాలేదో విచారించడానికి మరొక సంఘం ఉండేది. ఈలోగా గేటు తుప్పు రంగును తనంతట తానే ఎంచుకున్నది. ఆ సంఘాలన్నీ చుక్కలనుకుంటే వాటి నడుమ పున్నమి చంద్రుడు అనుక్రమ సంధానక ఎంపిక సంఘం. దానికి కార్యదర్శిగా ఉండే భాగ్యం నాకు దక్కింది. కనుక దాని దిగ్విజయ చరిత్రను ఉన్నది ఉన్నట్టు చెప్పవలసిన బాధ్యత కూడా నాదే.

వచ్చే మే నెలలో మా కేంద్రంలో మామిడి వైవిధ్య మహాసదస్సు జరగాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సదస్సుకు మందిరం కావాలి. మందిరానికి చదునైన స్థలం కావాలి. అటువంటి స్థలం మా ఆవరణలో ఒక్కటే ఉంది: పదిహేను వరుసలు, వరుసకు పదిహేను చెట్ల చొప్పున లెక్కకు రెండు వందల ఇరవై అయిదు మామిడి చెట్లున్న పాత అంట్ల తోట. మామిడి వైవిధ్యాన్ని నరికి ఆ చోట మామిడి వైవిధ్య మందిరం కట్టడంలో ఎవరికీ ఏ విరోధమూ తోచలేదు. మందిరం ఫైలు ఇంజనీరింగు విభాగంలోనూ, వైవిధ్యం ఫైలు పరిశోధన విభాగంలోనూ ఉన్నాయి. ఆ రెండు ఫైళ్లూ ఎన్నడూ ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నవి కావు.

ఉత్తర్వులో ఒక దయార్ద్ర వాక్యం కూడా ఉంది: "అరుదైన రకమని రికార్డు మూలకముగా రుజువైన చెట్టును మాత్రము మినహాయించవలెను." నరికే తేదీ డిసెంబరు ఇరవై ఎనిమిది.

నవంబరు మొదటి వారంలో ఏసోబు కార్యాలయానికి వచ్చాడు. డెబ్భై నాలుగేళ్లవాడు. మా కేంద్రంలో నలభై ఏళ్లు అంట్లు కట్టి దిగిపోయినవాడు. తోటలో ఉన్న ప్రతి చెట్టూ ఒకప్పుడు అతని చూపుడువేలంత పుల్ల. అతని చేతిలో ఒక మామిడాకు ఉంది. దానిని డైరెక్టరు డాక్టర్ కృపాకరరావు గారి బల్ల మీద, పట్టువస్త్రం సమర్పించినంత భక్తితో ఉంచాడు.

"బాబుగారూ, ఇది మీగడరసం ఆకండి. తల్లి చెట్టు తొంభైలో తుఫానుకి పోయింది. లోకం మొత్తం మీద మిగిలింది ఈ ఒక్క చెట్టే. పద్నాలుగో వరసలో ఎనిమిదోది. దాన్ని కొట్టెయ్యమాకండి."

"మీగడరసమని ఎలా చెబుతావు ఏసోబూ? ఇప్పుడు కాయలు కూడా లేవు కదా."

"ఆకు నలిపి చూడండి. తెలిసిపోద్ది."

డైరెక్టరు గారు ఆకు నలిపారు, వాసన చూశారు, కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించారు. తరువాత ఆ ఆకును సూపరింటెండెంటు నరసింహాచార్యుల వారి ముందుకు జరిపారు. ఆచార్యుల వారికి నియమావళి కంఠోపాఠం. ఆయన ఆకును ముక్కు దాకా తీసుకుపోలేదు.

"ముక్కు రికార్డు కాదు సార్," అన్నారు.

"నా ముక్కు నలభయ్యేళ్ల నించి ఇక్కడే పనిచేసిందండి," అన్నాడు ఏసోబు.

"పనిచేసి ఉండవచ్చునయ్యా. నీ ముక్కును అటెస్టు చేసింది ఎవరు? రేపు ఆడిట్ వారు వచ్చి ఆధారం చూపించమంటే నిన్ను ఫైలులో పెట్టి కుట్టమంటావా?"

ఏసోబు కాసేపు తల గోక్కున్నాడు. "రికార్డుందండి. సుదర్శనం గారు అంతా ఆ టీవీ మిషన్లో కొట్టారు. నేను పక్కనే నిలబడి చెట్టూ చెట్టూ చెప్పాను."

సుదర్శనం గారు మా కేంద్రంలో పనిచేసి పరమపదించిన శాస్త్రవేత్త. వెయ్యిన్ని తొమ్మిది వందల ఎనభై ఏడులో ఆయన ఒక గృహ గణకయంత్రాన్ని తెప్పించారు. అట్టపెట్టెంత ఒళ్లు, రబ్బరు మీటలు, ఇంగ్లీషు పెద్దక్షరాలు తప్ప మరొకటి రాని పలుకు. దానికి సొంత తెర లేదు, టీవీకి తగిలించాలి. ఆపితే జ్ఞాపకమూ ఉండదు. తెలిసినదంతా పాటల క్యాసెట్టులో దాచుకోవాలి. రెండేళ్ల కిందట దానిని పైవారు 'వారసత్వ యంత్రం'గా ప్రకటించారు. అప్పటినుంచీ అది అద్దాల బీరువాలో, ఒక మెమెంటో పక్కన విశ్రాంతి తీసుకుంటున్నది.

యంత్రాన్ని బయటికి తీసి ప్రాణం పోసినది యాస్మిన్. ఒప్పందం మీద పనిచేసే సాంకేతిక సహాయకురాలు. ఇరవై ఆరేళ్ల పిల్ల. యంత్రం తనకంటే పెద్దదని దాని మీద ఎంతో గౌరవంగా చెయ్యి వేసేది. క్యాసెట్టు ఏడు నిమిషాలు కీచుమని అరిచి, చెప్పవలసింది చెప్పి, ఆఖరి క్షణంలో లోపలి టేపును పేగుల్లా బయటికి కక్కి ప్రాణం విడిచింది. చెట్ల పట్టిక టీవీ తెర మీద నిలిచింది. ఒక్కొక్క పంక్తిలో రెండు సంఖ్యలు, ఒక అక్షరం: వరుస, చెట్టు, రకం. మీగడరసానికి గుర్తు ఎమ్.

"పద్నాలుగు, ఎనిమిది, ఎమ్!" అని అరిచింది యాస్మిన్. "తాతా, నువ్వు చెప్పిందే!"

"నే చెప్పిందే గదా కొట్టింది," అన్నాడు ఏసోబు నింపాదిగా.

"ఇక యంత్రం ఆపకూడదు సార్. టేపు పోయింది. ఆపితే పట్టిక కూడా పోతుంది."

కథ ఇక్కడితో ముగిసేదే. ముగిసి ఉంటే మా కేంద్రానికి కళంకం వచ్చేది. రికార్డు దొరికింది కాని, దాని మీద సంతకం లేదు. ఆచార్యుల వారు ధర్మమూర్తి. ఏసోబుకు అన్యాయం జరగకూడదని తానే స్వయంగా ఆకుపచ్చ సిరాతో టీవీ గాజు మీద సంతకం చేసి, కింద కార్యాలయ ముద్ర వేశారు. ముద్ర కొంచెం జారింది. అయినా ఆ పూటకు తృప్తిగానే ఉంది. సాయంత్రం అటెండరు నాగులు ప్రతిరోజూ తుడిచినట్టే టీవీని తడిగుడ్డతో తుడిచాడు. ధ్రువీకరణ మొత్తం గుడ్డలోకి వెళ్లింది.

"ఫొటో తీస్తాను సార్, ఒక్క నిమిషం," అన్నది యాస్మిన్ ఫోను తీసి.

"ఏమి తీస్తావు అమ్మాయ్? నువ్వు తీసేది టీవీ ఫొటో," అన్నారు ఆచార్యుల వారు. "ఆ టీవీ మన స్టాకు రిజిస్టరులో వినోద సాధనాల కింద నమోదై ఉంది. వినోద సాధనంలో కనిపించినది సాక్ష్యమైతే రేపు క్రికెట్ మ్యాచీ కూడా సాక్ష్యమే."

ఈ తర్కానికి ఎదురు లేదు. యంత్రం చెప్పదలచినది కాగితం మీద యంత్రమే చెప్పాలి. అందుకు దానికీ, ప్రింటరు ఉన్న కొత్త కంప్యూటరుకూ మధ్య ఒక వంతెన కావాలి. దానినే సీరియల్ ఇంటర్‌ఫేస్ అంటారని యాస్మిన్ విన్నవించింది. ఒక్కొక్క అక్షరాన్ని ఎనిమిది బిట్లుగా, అంటే ఒకట్లూ సున్నాలుగా, విడగొట్టి, ఒకే తీగ మీద ఒకదాని వెనుక ఒకటిగా పంపే చిన్న పలక అది. ఆచార్యుల వారు దానికి అక్కడికక్కడే 'అనుక్రమ సంధానకం' అని నామకరణం చేశారు. పేరు పెట్టిన వస్తువుకు సంఘం లేకపోవడం అపచారం కనుక, మరునాడే సంఘం ఏర్పడింది.

మొదటి సమావేశంలో యాస్మిన్ మూడు సంధానకాలను సంఘం ముందుంచింది. ఒకటి, విజయవాడలో పాత యంత్రాల పిచ్చి ఉన్న ఒకాయన చేతితో చేసే కొత్త పలక, తొమ్మిది ములుకులది, అనగా పిన్నులది; రెండు రోజుల్లో వస్తుంది. రెండవది, సికింద్రాబాదు పాతసామాన్ల దుకాణంలో ఉన్న అసలైన అప్పటి పలక, ఇరవై అయిదు ములుకులది. మూడవది తీగ లేకుండా గాలిలో పంపేది.

డైరెక్టరు గారు సాలోచనగా, "తొమ్మిది, ఇరవై అయిదు అంటున్నావు. ఇరవై అయిదులో తొమ్మిది ఎలాగూ ఉన్నట్టే కదా?" అన్నారు.

"ఉన్నా సార్, రెంటి పనీ ఒకటే. తొమ్మిదిది తీసుకుంటే ఎల్లుండికి ప్రింటు వచ్చేస్తుంది."

"తొందర వద్దు," అన్నారు ఆచార్యుల వారు, రెండు పుస్తకాలు తెరిచి. "వారసత్వ యంత్రాల సర్క్యులరు, ఏడవ పేరా: వారసత్వ యంత్రమునకు జతచేయు ఏ ఉపకరణమైనను ఆ యంత్రమునకు సమకాలికమై ఉండవలెను. కాబట్టి విజయవాడ పలక కొత్తది, పనికిరాదు."

"అయితే సికింద్రాబాదుది తెప్పిద్దాం సార్. అదీ ఎనభై ఏడుదే."

"కొనుగోలు నియమావళి, నూట పన్నెండవ నిబంధన: ఐదేండ్లకు మించి పాతబడిన వస్తువును కొనరాదు. కాబట్టి అది పాతది, పనికిరాదు."

"మూడోది?"

"తీగ లేని వస్తువును స్టాకు రిజిస్టరులో ఎన్ని మీటర్లని రాయాలి? పైగా అక్షరం గాలిలో పోతుంటే దారిలో ఎవడైనా చదివితే?"

కొత్తది సర్క్యులరుకు విరుద్ధం. పాతది నియమావళికి విరుద్ధం. సంధానకం సమకాలికమై ఉండాలి, కాని కొనకూడదు. అంటే అది ఎనభై ఏడు నుంచీ మా కేంద్రంలోనే, మా రిజిస్టరులోనే, పనిచేస్తూ ఉండి ఉండాలి. ఆచార్యుల వారు కళ్లు మూసుకున్నారు. మూడు నిమిషాల తరువాత తెరిచినప్పుడు వాటిలో ఆవిష్కర్త కన్నులలో మాత్రమే ఉండే వెలుగు కనిపించింది.

"సార్, ఎనభై ఏడు, ఎనభై ఎనిమిదిలలో సర్వీసులో చేరి, నేటికీ మన ఎస్టాబ్లిష్‌మెంటులో ఉన్నవారు ఎంతమంది?"

నేను సర్వీసు పుస్తకాలు చూసి చెప్పాను. సరిగ్గా ఎనిమిది మంది. విధి అంటే అదే.

ఆనాటి తీర్మానాన్ని స్వయంగా రాసినవాణ్ణి నేనే: "యంత్రమునకు సమకాలికులును, క్రొత్తగా కొననవసరము లేనివారును, ఒకరి వెనుక ఒకరు నడచుటలో దీర్ఘానుభవము గలవారును అగు ఎనమండుగురు సిబ్బందిని అనుక్రమ సంధానకముగా ఎంపిక చేయుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

యాస్మిన్ మాత్రం, "ఇదంతా ఎందుకు సార్? నేను ఒక్కొక్కటీ పైకి చదువుతాను, ఈ కార్యదర్శి గారు రాసుకుంటారు, మీరు సంతకం పెడతారు," అన్నది.

"మౌఖికం," అన్నారు ఆచార్యుల వారు. ఆ ఒక్క మాటతో అది కొట్టుకుపోయింది.

విధానం ఇది. యంత్రం గది వరండాకు ఈ కొసన, టైపు గది ఆ కొసన. నడుమ నలభై అడుగుల దూరం. యాస్మిన్ తెర మీది అక్షరాన్ని చూసి, దాని ఎనిమిది స్థానాలలో ఏది ఒకటో ఏది సున్నానో చెబుతుంది. ఒకటి అయినవారు చేత ఫైలు పట్టుకోవాలి. సున్నా అయినవారు ఖాళీ చేతులతో నడవాలి. ముందు నాగులు గంట కొడతాడు. ఎనిమిది మందీ బారులు తీరి వరండా వెంట వస్తారు. వెనుక మరొక గంట మోగుతుంది. టైపు గదిలో స్వీకర్తనైన నేను ఎవరి చేతిలో ఫైలుందో చూసి, యాస్మిన్ ఇచ్చిన సంకేతాల పట్టికతో సరిపోల్చుకుని అక్షరం టైపు చేస్తాను. పంపేవారూ, స్వీకర్తా సంధానకం ద్వారా తప్ప మాట్లాడుకోరాదు. సంధానకం నా వైపుకే వస్తుంది. తిరుగు ప్రయాణంలో దానికి అర్థం లేదు.

మొదటి చిక్కు జ్యేష్ఠతతో వచ్చింది. అక్షరంలో అన్నిటికన్నా చిన్న స్థానం ముందు నడవాలి, పెద్ద స్థానం చివరన రావాలని శాస్త్రం. ఎనిమిది మందిలో పెద్దవారు సాక్షాత్తూ ఆచార్యుల వారే.

"జూనియర్ల వెనుక నేనా?" అన్నారాయన.

నేను వినయంగా మనవి చేశాను: "ఊరేగింపులో మేళగాళ్లు ముందుంటారండి. ఉత్సవమూర్తి చివరనే కదా వేంచేసేది?"

ఆయన ప్రసన్నులయ్యారు. అంతకు మించిన విశేషం తరువాత తెలిసింది. ఇంగ్లీషు పెద్దక్షరాలకైనా అంకెలకైనా ఆ అత్యున్నత స్థానంలో ఎప్పుడూ సున్నాయే. పది రోజుల ప్రసారంలో ఆచార్యుల వారు ఒక్క ఫైలైనా మోయవలసి రాలేదు. ఉన్నత స్థానాల స్వభావం ఎనిమిది బిట్ల యంత్రానికి కూడా తెలిసి ఉండడం చూసి మేమంతా విస్మయం చెందాము.

అన్నిటికన్నా చిన్న స్థానం కోటిలింగం గారిది. సీనియర్ సహాయకులు, ఎనిమిది మందిలో చిన్నవారు, కాబట్టి అందరికన్నా ముందు నడిచేవారు. ఆ స్థానానికి ఒక ప్రత్యేకత ఉంది: అక్కడ ఫైలుంటే అంకె బేసి, లేకపోతే సరి. రెంటికి ఆ ఫైలు తోడైతే మూడు, ఎనిమిదికి తోడైతే తొమ్మిది. కోటిలింగం గారికీ ఒక ప్రత్యేకత ఉంది. ముప్పై ఏడేళ్లుగా ఆయన వరండాలో ఫైలు లేకుండా నడిచినవారు కారు. ఖాళీ చేతులతో నడిచే ఉద్యోగి ఖాళీగా ఉన్నవాడిలా కనిపిస్తాడనీ, కనిపించినవాడికి పని పడుతుందనీ, చేరిన కొత్తలో ఒక పెద్దాయన ఆయన చెవిలో ఉపదేశించాడట. అది మొదలు టీ తాగడానికి వెళ్లినా చంకలో ఫైలే. భోజనానికి వెళ్లినా ఫైలే. మరుగుదొడ్డికి కూడా ఒక పలచటి ఫైలును ప్రత్యేకంగా కేటాయించుకున్నారు.

యాస్మిన్ మొదటి రోజే, "కోటిలింగం గారూ, ఈసారి మీరు సున్నా. ఫైలు ఇక్కడ పెట్టేయండి," అన్నదట.

"నేను సున్నానని నువ్వంటే సరిపోతుందా అమ్మాయ్? సర్వీసు రిజిస్టరు చూడు," అన్నారట ఆయన. అయినా క్రమశిక్షణ గలవారు కనుక ఫైలు ఆమె బల్ల మీదే పెట్టి గడప దాటారు. దాటగానే వరండా కిటికీలో ఎవరో వదిలిన పాత ఫైలు కనిపించింది. చెయ్యి దానంతట అదే వెళ్లింది. ముప్పై ఏడేళ్ల అలవాటుకు మెదడుతో పని లేదు.

గంట మోగింది. నా ముందుకు కోటిలింగం గారు ఫైలుతో వచ్చారు. మరలా గంట, మరలా ఫైలు. మొదటి పూట ముగిసేసరికి నా కాగితం మీద ఒక్క సరిసంఖ్య కూడా లేదు. పైగా అంకెకూ అంకెకూ మధ్య ఉండవలసిన ఖాళీల స్థానంలో ప్రతిచోటా ఒక ఆశ్చర్యార్థకం నిలబడింది. ఖాళీకి కోటిలింగం గారి ఫైలు తోడైతే అదే వస్తుందని సంకేతాల పట్టిక చెప్పింది.

"కోటిలింగం గారూ, మీరు ఒక్కసారి కూడా ఖాళీగా రావడం లేదేమండీ?" అని అడిగాను.

"ఖాళీగా ఎప్పుడొచ్చానయ్యా, నా సర్వీసులో?" అన్నారాయన నొచ్చుకుని.

ఆచార్యుల వారికి రాతపూర్వకంగా నివేదించాను. ఆయన మార్జినులో ఆకుపచ్చ సిరాతో రాశారు: "స్వీకర్త విధి స్వీకరించుట. విమర్శించుట కాదు."

నేను స్వీకరించాను. అక్షరానికి రెండు నిమిషాల చొప్పున, భోజన విరామాలూ, ఒకరి మోకాలి నొప్పీ పోను, పది పనిదినాలలో చెట్ల పట్టిక పూర్తయింది. పూర్తి కాగానే డైరెక్టరు గారు పూలదండ వేసి, చప్పట్ల మధ్య, వారసత్వ యంత్రాన్ని స్వహస్తాలతో ఆపారు. తెర నల్లబడింది. ఇక లోకంలో మిగిలిన సత్యం నా టైపు కాగితం ఒక్కటే. ఆచార్యుల వారు ప్రతి పుటకూ సంతకం చేశారు. డైరెక్టరు గారు తిరగేసి, "ఎంత ఉత్సాహంగా ఉందండీ రికార్డు! ప్రతి అంకెకూ ఆశ్చర్యార్థకం!" అని మెచ్చుకున్నారు.

యాస్మిన్ చేతికి కాగితం అందేసరికి యంత్రం చల్లబడిపోయింది. ఆమె మీగడరసం పంక్తి చూసి గోడకు ఆనుకుని నిలబడింది.

"ఇందులో పదిహేనో వరుస, తొమ్మిదో చెట్టు అని ఉంది సార్!"

ఏసోబుకు కోపం రావడం నేను చూసినది ఆ ఒక్కసారే. "పదిహేనులో తొమ్మిదా? అక్కడ చెట్టేదండీ? అది ఎప్పుడో ఎండిపోయింది. ఇప్పుడున్నది కరెంటు స్తంభం!"

"రికార్డులో మీగడరసమని ఉంది," అన్నారు ఆచార్యుల వారు.

"స్తంభానికి ఆకులుంటాయాండీ? పోనీ, వచ్చి వాసన చూడండి!"

"ఏసోబూ, రికార్డు కావాలన్నావు. పది రోజులు ఎనిమిది మందిమి నీ కోసం అరిగిపోయేలా నడిచాము. వచ్చాక నచ్చలేదంటే ఎలా?"

ఏసోబు వెళ్లి పద్నాలుగో వరుసలో ఎనిమిదో చెట్టు కింద కూర్చున్నాడు. ఆ పక్కనే మా వారు కరెంటు స్తంభం చుట్టూ కంచె కట్టి, పాదు తవ్వి, ఎరువు వేసి, 'అరుదైన మీగడరసం – ముట్టరాదు' అని పలక తగిలించారు. ముట్టరాదన్నది ఎలాగూ నిజమే. రోజూ రెండు బిందెల నీళ్లు పొయ్యమని నాగులుకు ఉత్తర్వు అందింది. అతడు రబ్బరు చెప్పులు వేసుకుని, బారెడు దూరం నుంచి, దండం పెట్టి మరీ పోసేవాడు.

డిసెంబరు ఇరవై ఎనిమిది తెల్లవారింది. రంపాల మేస్త్రీ మనుషులతో దిగాడు. అతని చేతికి నరకవలసిన చెట్ల జాబితా ఇచ్చాము. అది నా కాగితం నుంచే తయారైనది. ఏసోబు చెట్టు మొదలును చేతులతో చుట్టి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. యాస్మిన్ అతని పక్కన నిలబడి, ఏం చెయ్యాలో తోచక చున్నీ అంచు మెలిపెడుతున్నది. మేస్త్రీ వరుసలు లెక్కపెట్టుకుంటూ వచ్చి వాళ్ల ముందు ఆగాడు.

"లేవయ్యా పెద్దాయనా. ఇది ఎన్నోది?"

"పద్నాలుగులో ఎనిమిది," అన్నది యాస్మిన్, నీరసంగా.

మేస్త్రీ జాబితా పైనుంచి కిందికి చదివాడు. కిందినుంచి పైకి చదివాడు. నేరుగా ఆచార్యుల వారి దగ్గరికి వచ్చాడు.

"అయ్యగారూ, పద్నాలుగో వరస లేదేటండి ఇందులో? రెండు లేదు, నాలుగు లేదు. మూడో వరసలో మూడో చెట్టు మాత్రం నాలుగుసార్లు రాశారు. ఒక్క చెట్టు నాలుగుసార్లు ఎట్టా కొట్టేది?"

"మొదటిసారి కొట్టు. మిగతా మూడుసార్లు టిక్కు పెట్టు."

"మరి ఈ లేని వరసలు?"

ఆచార్యుల వారు జాబితా తీసుకున్నారు. ఆయన ముఖంలో రంగులు మారడం నేను చూశాను. పద్నాలుగో వరుస ఉన్నదని రాస్తే యంత్రం పొరపడిందని రాసినట్టు. యంత్రం పొరపడిందంటే సంధానకం పొరపడినట్టు. సంధానకంలో అత్యున్నత స్థానం ఎవరిది?

"జాబితాలో లేని చెట్టు లేదు," అన్నారాయన చివరకు. "లేని చెట్టును నరికితే బాధ్యుడివి నువ్వే అవుతావు. పో!"

మేస్త్రీ తల ఊపి పోయాడు. బేసి వరుసలలోని బేసి చెట్లు, స్తంభం మినహా, అరవై మూడు నేలకూలాయి. మిగిలిన నూట అరవై ఒక్క చెట్లూ అధికారికంగా లేకుండా పోయి, హాయిగా నిలబడ్డాయి. ఏసోబు కళ్లు తెరిచి చూసేసరికి రంపాల చప్పుడు దూరంగా సాగిపోతున్నది.

"ఏమైంది పాపా?"

"నీ చెట్టు లేదంట తాతా," అన్నది యాస్మిన్. నవ్వుతున్నదో ఏడుస్తున్నదో ఆమెకే తెలియలేదు.

మందిర నిర్మాణంలో మా ఇంజనీర్లు చూపిన ప్రజ్ఞ వేరొక గ్రంథానికి విషయం. మంజూరైన నక్షాలో చెట్లు లేవు. నేల మీద ఉన్నాయి. నక్షాను మార్చాలంటే మళ్లీ సంఘం వెయ్యాలి, మే నెల ముంచుకొస్తున్నది. అందువల్ల చెట్లను చూడకుండానే చుట్టూ స్తంభాలు లేపి, రేకులు పరిచి, కొమ్మలు పైకి పోయేచోట రేకులు కోసి, ఆ రంధ్రాలను 'గాలి వెలుతురు మార్గములు' అని నమోదు చేశారు. పద్నాలుగో వరుసలోని ఎనిమిదోది సరిగ్గా వేదిక వెనుక పైకి లేచింది. ఆ ఏడు దానికి కాపు వచ్చే ఏడు. సదస్సుకు వచ్చిన అతిథులు లోపల అడుగుపెట్టి, ఇంత వినూత్నమైన వాస్తును తామెన్నడూ ఎరగమని కెమెరాలు తీశారు.

డైరెక్టరు గారు ఉపన్యసించారు. వైవిధ్యం మన ఊపిరి అన్నారు. రికార్డుల పరిరక్షణలో మా కేంద్రం సాధించిన విజయాన్ని వివరించారు. తరువాత జేబురుమాలు తీశారు.

"ఎంత విచారం! లోకంలో మిగిలిన ఒకే ఒక్క మీగడరసం చెట్టుకు మేము అయిదు నెలలపాటు ఎరువు వేశాము, నీళ్లు పోశాము, కంచె కట్టాము. ఒక్క ఆకు తొడగలేదు. నిపుణుల బృందం పరిశీలించి, ఆ రకం శాశ్వతంగా అంతరించిందని నిన్ననే ధ్రువీకరించింది. ఆ మహావృక్షం స్మృత్యర్థం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

సభ లేచి నిలబడింది. తలలు వంగాయి. కోటిలింగం గారు ఫైలును గుండెకు హత్తుకున్నారు.

మొదటి నిమిషం గడిచింది. రెండవ నిమిషం సగంలో వేదిక పైనున్న గాలి వెలుతురు మార్గం నుంచి ఒక పండు రాలి, డైరెక్టరు గారి ఉపన్యాసం మీద పడి పగిలింది. మూసుకున్న కళ్లు అందరివీ మూసుకునే ఉన్నాయి. ముక్కులను మాత్రం ఎవరూ మూయలేకపోయారు. సభ అంతటా ఒక తీయని వాసన, మరిగిన పాల మీద మీగడ కట్టేటప్పటి వాసన, మెల్లగా పరుచుకున్నది.

మౌనం ముగిసింది. భోజనానికి అప్పటికే రెండు గంటలు ఆలస్యం. డైరెక్టరు గారు అటూ ఇటూ చూసి, పండు అంచును నాలుకకు తాకించారు. ఇంకొంచెం తాకించారు. ఆ తరువాత మొహమాటం మాని టెంకె దాకా వెళ్లారు.

"అద్భుతం! ఏ రకం ఇది?" అన్నారు, మోచేతుల దాకా రసం కారుతుండగా.

ఆచార్యుల వారు నా వైపు చూశారు. నేను రేకుల వైపు చూశాను. వేదిక కింద అతిథులకు మంచినీళ్లు అందిస్తున్న ఏసోబు మా దగ్గరికి వచ్చాడు.

"ఏసోబూ, ఏ చెట్టుదయ్యా ఇది? వరుస ఎంత, నంబరెంత? చెప్పు," అని డైరెక్టరు గారు ఎడమ చేత్తో జేబులోని పెన్ను తీశారు.

ఏసోబు తల ఎత్తి కొమ్మ వైపు చూశాడు. కింద ఎవరి నెత్తిన పడుదామా అన్నట్టు ఇంకా ఆరేడు పండ్లు వేలాడుతున్నాయి.

"లేని చెట్టుదండి బాబుగారూ," అన్నాడు. "తినండి. రాసుకోమాకండి."